దీర్ఘకాలిక లివర్ జబ్బు: ఇంట్లోవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా చిన్నాన్నకు సిరోసిస్ (లివర్ మచ్చకట్టి గట్టిపడే జబ్బు) అని తెలిశాక ఆయన్ని చూసుకున్నది ఎక్కువగా నేనే. అప్పట్లో నేను డాక్టర్లను అడిగిన ప్రశ్నలే ఇప్పుడు బంధువులు, స్నేహితులు నన్ను అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను. ఈ జబ్బులో మనుషుల్ని ఎక్కువగా దెబ్బతీసేది ఆలస్యం. ఆ ఆలస్యానికి పెద్ద కారణం సిగ్గు. లివర్ పాడైందంటే నలుగురూ తాగుబోతు అనుకుంటారేమోనని రిపోర్టులు బీరువాలో దాచేవాళ్లను నేను చూశాను. మందుల పేర్లు మీకు తెలిసి ఉండాలని ఇస్తున్నాను. ఏది, ఎంత, ఎన్నాళ్లు వాడాలన్నది మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

కామెర్లు వేరు, ఇది వేరా?

కామెర్లు ఒక లక్షణం మాత్రమే. కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వచ్చే హెపటైటిస్ (లివర్ వాపు) ఎ, ఇ రకాల్లో కళ్లు పచ్చబడతాయి. చాలామందికి కొన్ని వారాల్లో అదే తగ్గిపోతుంది. లివర్‌లో వాపు ఆరు నెలలు దాటినా తగ్గకపోతే దాన్ని దీర్ఘకాలిక జబ్బు అంటారు. వాపు ఏళ్ల తరబడి ఉంటే మెత్తని కణజాలం ఉండాల్సిన చోట మచ్చ కడుతుంది. ఆ మచ్చను ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా కొలుస్తారు. ఎఫ్4 అంటే సిరోసిస్.

సిరోసిస్‌లోనూ రెండు దశలున్నాయి. మొదటి దశలో మనిషి మామూలుగానే తిరుగుతాడు, పని చేసుకుంటాడు. కడుపులో నీరు చేరడం, రక్తవాంతులు, కామెర్లు, మనసు తికమకపడటం వీటిలో ఒక్కటి కనిపించినా రెండో దశ మొదలైనట్టే. మొదటి దశలోనే పట్టుకోగలిగితే చాలా ఏళ్లు కలిసివస్తాయి.

మద్యం ముట్టనివాళ్లకు కూడా వస్తుందా?

వస్తుంది. మా చిన్నాన్న జీవితంలో చుక్క ముట్టలేదు. ఏళ్ల తరబడి షుగర్ ఉంది, పొట్ట ఉంది. ఫ్యాటీ లివర్ అని ఎప్పుడో ఒక స్కానింగ్‌లో రాశారు గానీ ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు ముఖ్యమైన కారణాల్లో ఈ ఫ్యాటీ లివర్ ఒకటి. షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్లు, పొట్ట చుట్టూ కొవ్వు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. మనిషి బక్కగా కనిపించినా నడుము దగ్గర కొవ్వు ఉంటే చాలు. మనవాళ్లలో నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలంటారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఎక్కువగా కనిపించింది. పరీక్షించింది కొద్దిమందినే అయినా, రోజంతా కుర్చీలో కూర్చుని అర్ధరాత్రి బిర్యానీ తినే జీవితం ఏం చేస్తుందో చెప్పడానికి అది చాలు.

హెపటైటిస్ బి, సి వైరస్‌లు మరో పెద్ద కారణం. మన రోగనిరోధక వ్యవస్థే లివర్ మీద దాడి చేసే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ ఆడవాళ్లలో ఎక్కువ. పిల్లల్లో, కుర్రవాళ్లలో కారణం తెలియని లివర్ జబ్బు కనిపిస్తే విల్సన్ వ్యాధిని అనుమానించాలి. శరీరంలో రాగి పేరుకుపోయే జబ్బు ఇది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం ఉన్న జన్యువు వస్తేనే వస్తుంది కాబట్టి మేనరికాల్లో దీనికి అవకాశం ఎక్కువ. తొందరగా కనిపెడితే మందులతో అదుపులో ఉంటుంది. అందుకే పిల్లవాడికి విల్సన్ అని తేలితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా పరీక్ష చేయించాలి.

రోజూ కొంచెమే తాగుతారు. అదీ ప్రమాదమేనా?

ఆ కొంచెం ఎంతో లెక్కేసి చూడండి. 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో దాదాపు 40 గ్రాములు. రోజూ ఇంత తాగుతూ పోతే లివర్ పాడయ్యే ముప్పు బాగా పెరుగుతుంది. ఖరీదైన మద్యమైనా చవక మద్యమైనా లివర్‌కు చేరేది అదే ఆల్కహాల్. షుగర్, హెపటైటిస్ బి, సి ఉన్నవాళ్లకు ఇంకా తక్కువ మోతాదే హాని చేస్తుంది. సిరోసిస్ అని తేలాక ఒక్క పెగ్గు కూడా వద్దు.

కల్లు ఆరోగ్యానికి మంచిదని ఇప్పటికీ అంటుంటారు. కల్లులోనూ ఆల్కహాల్ ఉంది. పైగా తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కేసులు మళ్లీ మళ్లీ బయటపడుతున్నాయి. ఇవన్నీ మత్తు మందులు. సిరోసిస్ ఉన్న మనిషిని ఇవి నేరుగా అపస్మారకంలోకి నెట్టగలవు.

మానమంటే మానడం లేదు. తెలియకుండా అన్నంలో మాత్ర కలిపి పెట్టొచ్చా?

దయచేసి ఆ పని చేయకండి. మందు మాన్పించే మాత్ర అని చాలా ఊళ్లలో గుట్టుగా ఇచ్చేది ఎక్కువగా డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం మొదలై ప్రాణం మీదికి రావచ్చు. లివర్‌ను దెబ్బతీసే గుణం కూడా దానికుంది. జబ్బుపడిన లివర్ ఉన్న మనిషికి, ఆయనకే తెలియకుండా ఇవ్వడం ఎంత ప్రేమతో చేసినా ప్రమాదమే.

రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేసినా ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. కాబట్టి మాన్పించడం డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి. లివర్ జబ్బు ఉన్నవాళ్లలో తాగాలన్న యావ తగ్గించడానికి బాక్లోఫెన్ వంటి మందులు ఆచితూచి వాడతారు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడొద్దు. తాగుడు వదలకపోవడం మెదడుకు పట్టిన జబ్బు. తిట్టి, ఒట్లు వేయించి దాన్ని తగ్గించలేం.

లక్షణాలు లేకుండానే ముదురుతుందంటారు. మరి ముందే ఎలా తెలుస్తుంది?

నీరసం, కుడివైపు పక్కటెముకల కింద బరువు, ఆకలి తగ్గడం వంటివి ఉన్నా గ్యాస్ అనుకుని వదిలేస్తాం. లివర్ దెబ్బను చూపే రక్తపరీక్ష ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నంత మాత్రాన లివర్ బాగున్నట్టు కాదు. సిరోసిస్ ముదిరినా అది నార్మల్‌లోనే ఉండొచ్చు.

మామూలు రక్తపరీక్షలతోనే వేసే ఒక లెక్క ఉంది. ఫిబ్-4 అంటారు. వయసును ఎస్‌జీఓటీ (ఇదీ అలాంటి లివర్ రక్తపరీక్షే) అంకెతో గుణించండి. ప్లేట్‌లెట్ల సంఖ్యను వేలల్లో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఉదాహరణకు వయసు 52, ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 1,60,000 అనుకుందాం. 52ను 48తో గుణిస్తే 2496. 36 వర్గమూలం 6, దాన్ని 160తో గుణిస్తే 960. భాగిస్తే 2.6. ఈ అంకె 1.3 కన్నా తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే ఎక్కువ. మధ్యలో ఉంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలి. 35 ఏళ్లలోపు వాళ్లకు ఈ లెక్క సరిగా పనిచేయదు. 65 దాటినవాళ్లకు 1.3 బదులు 2 తీసుకుంటారు.

ఈ ఉదాహరణలో ఎస్‌జీపీటీ 36 చాలా ల్యాబుల్లో నార్మల్ కిందికే వస్తుంది, గమనించారా? మా చిన్నాన్న పాత రిపోర్టుల్లోనూ ప్లేట్‌లెట్లు ఏటేటా తగ్గుతూ వచ్చాయి. డెంగీ వచ్చినప్పుడు తప్ప మనం ఆ గడి వైపు చూడం. షుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి ఈ లెక్క వేయించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

హెపటైటిస్ బి పాజిటివ్ అని వచ్చింది. ఇంట్లో కలిసి తినొచ్చా? పెళ్లి చేసుకోవచ్చా?

కలిసి తినొచ్చు, ఒకే గ్లాసులో నీళ్లు తాగొచ్చు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు. ఈ వైరస్ రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. రేజర్లు, టూత్‌బ్రష్‌లు, గోళ్లు తీసుకునే కట్టర్లు మాత్రం ఎవరివి వాళ్లవే ఉండాలి. పెళ్లికి అడ్డేమీ లేదు. అవతలివాళ్లకు నిజం చెప్పి, పరీక్ష చేయించి, ముందే టీకా వేయించాలి. పెద్దవాళ్లకు మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది.

కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు చాలామందికి ఈ సంగతి గల్ఫ్ వీసా మెడికల్‌లో బయటపడుతుంది. ఉద్యోగం పోయిందన్న దిగులులో పడి అసలు వైద్యం మాట మరిచిపోతారు. వీసా రాకపోయినా మీ వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) ఎంత, లివర్ ఎలా ఉంది అన్నది చూపించుకోవాల్సిందే. అందరికీ మందు అక్కర్లేదు. అవసరమైనవాళ్లకు టెనోఫోవిర్ లేదా ఎంటెకావిర్ ఇస్తారు. ఇవి వైరస్‌ను అణచి ఉంచుతాయి, పూర్తిగా తీసేయడం అరుదు. బాగానే ఉందని సొంతంగా ఆపేస్తే వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ ఫెయిల్ కావచ్చు.

గర్భిణికి పాజిటివ్ అయితే కంగారు వద్దు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు, వీలైతే 12 గంటల్లోపు, టీకా మొదటి డోసుతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీలు) ఇంజెక్షన్ ఇవ్వాలి. వైరల్ లోడ్ ఎక్కువగా ఉన్న తల్లికి చివరి నెలల్లో టెనోఫోవిర్ ఇస్తారు. తల్లి పాలు ఇవ్వొచ్చు. పుట్టినప్పుడే సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి అది దీర్ఘకాలిక జబ్బుగా మిగిలిపోతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి ఐదుగురిలోపే. ఆ మొదటి 24 గంటలు అంత విలువైనవి.

మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ (జన్యు ఇంజినీరింగ్‌తో చేసిన) హెపటైటిస్ బి టీకా హైదరాబాద్‌లోనిదే. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దాన్ని తెచ్చింది. అప్పటిదాకా విదేశీ టీకా సామాన్యుడికి అందే ధరలో ఉండేది కాదు. ఇప్పుడు పిల్లలకు పుట్టగానే ఒకటి, తర్వాత 6, 10, 14 వారాలకు ఐదు జబ్బుల టీకా అయిన పెంటావాలెంట్‌తో కలిపి ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది.

హెపటైటిస్ సి కి టీకా ఉందా?

లేదు. కానీ జబ్బే నయమవుతుంది. సోఫోస్‌బువిర్‌తో డక్లాటాస్విర్ లేదా వెల్పటాస్విర్ కలిపి ఎక్కువమందికి 12 వారాలు ఇస్తారు. నూటికి 95 మందికి వైరస్ పూర్తిగా పోతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితం. జిల్లా ఆసుపత్రిలో అడగండి.

స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అని రాశారు. మందు వాడాలా?

స్కానింగ్‌లో రాసే గ్రేడు కొవ్వు ఎంతుందో చెబుతుంది. మచ్చ ఎంతుందో చెప్పదు. గ్రేడ్ 1 ఉన్నా మచ్చ ముదిరి ఉండొచ్చు. పైన చెప్పిన లెక్క అందుకే.

వైద్యంలో మొదటి మందు బరువు తగ్గడమే. 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు తగ్గుతుంది, 10 దాటితే మచ్చ కూడా కరగడం మొదలవుతుంది. అంటే 80 కిలోల మనిషి 8 కిలోలు తగ్గాలి. నెలలో తగ్గక్కర్లేదు, ఏడాదిలో తగ్గినా మంచిదే. కంచంలో అన్నం సగానికి తగ్గించి కూర, పప్పు పెంచండి. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు, రోజుకు నాలుగుసార్లు చక్కెర టీ మానేయండి. చక్కెర లేని కాఫీ రెండు మూడు కప్పులు తాగేవాళ్లలో లివర్ మచ్చ తక్కువని చాలా పరిశీలనల్లో తేలింది. కాబట్టి ఫిల్టర్ కాఫీ మానక్కర్లేదు, చక్కెర మానితే చాలు. మచ్చ ఉన్నవాళ్ల కోసం రెస్మెటిరోమ్‌కు 2024లో, సెమాగ్లూటైడ్‌కు 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన దగ్గర సారోగ్లిటజార్ వాడుతున్నారు.

పసరు మందు, నేల ఉసిరి, తిప్పతీగ పనిచేస్తాయా?

నేల ఉసిరి మీద మన పెద్దవాళ్ల నమ్మకాన్ని శాస్త్రం తేలిగ్గా కొట్టిపారేయలేదు. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బరూక్ బ్లుంబెర్గ్ స్వయంగా మద్రాసు పరిశోధకులతో కలిసి దాన్ని పరీక్షించారు. 1988లో వచ్చిన ఆ ఫలితాల్లో నేల ఉసిరి జాతి మొక్క పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి వైరస్ ఆనవాలు పోయిందని తేలింది. అందరూ ఎంతో ఆశపడ్డారు. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. అంతే జరిగింది. 

తిప్పతీగ సంగతి వేరు. కరోనా రోజుల్లో ఇమ్యూనిటీ కోసమని నెలల తరబడి కషాయం తాగినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. ముందే ఆటోఇమ్యూన్ ధోరణి ఉన్నవాళ్లకు ఇది ఇంకా ప్రమాదం. అశ్వగంధతోనూ అలాంటి కేసులున్నాయి. ఇక కామెర్లకు చేతి మీద వాతలు పెట్టడం, కళ్లలో పసరు పోయడం ఏ వయసువాళ్లకైనా హానే. పసరుతో తగ్గాయని చెప్పే కామెర్లు చాలావరకు దానంతట అదే తగ్గే హెపటైటిస్ ఎ, ఇ. అదే పసరు సిరోసిస్ మనిషికి పోస్తే పోయేది విలువైన సమయం.

ఏం పథ్యం చేయాలి? నూనె, పప్పు, గుడ్డు మాన్పించాం.

మనవాళ్లు మంచి మనసుతోనే చేసే పెద్ద పొరపాటు ఇది. చప్పిడి మజ్జిగన్నం పెట్టి మనిషిని ఎండబెట్టేస్తాం. సిరోసిస్‌లో కండ కరిగిపోవడం అసలు జబ్బంత చేటు. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములే ఉంటుంది. కప్పు ముద్దపప్పులో ఏడెనిమిది గ్రాములు. కాబట్టి పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం పప్పు, పెరుగు, గుడ్డు లేదా చేప, సాయంత్రం ఉడికించిన శనగలు, ఇలా రోజంతా సర్దితే తప్ప చాలదు.

రాత్రి పడుకునే ముందు తప్పకుండా ఏదో ఒకటి పెట్టండి: పాలల్లో అటుకులు, రెండు ఇడ్లీలు, అరటిపండు, ఏదైనా. ఆరోగ్యంగా ఉన్న లివర్ రాత్రికి కావలసిన శక్తిని దాచుకుంటుంది. జబ్బుపడ్డ లివర్ అలా దాచుకోలేదు. అందుకని తెల్లారేలోపు ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. ఏకాదశి ఉపవాసాలు, శనివారాలు ఒక్కపొద్దులు ఈ మనిషికి వద్దు. మా నాయనమ్మను ఒప్పించడానికి చాలా కష్టపడ్డాను. చివరికి చిన్నాన్న బదులు ఆవిడే ఉపవాసం ఉండేట్టు మాట్లాడుకున్నాం.

కడుపులో నీరు చేరింది. నీళ్లు తాగడం ఆపేయాలా?

చాలామందికి తగ్గించాల్సింది ఉప్పు. రోజు మొత్తానికి ఒక టీస్పూను, అంటే 5 గ్రాములు. అందులోనే అన్నీ రావాలి. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు ఉన్న ఇంట్లో ఆ టీస్పూను ఒక్క పూటకే అయిపోతుంది. పొద్దున్నే ఆ రోజు ఉప్పును చిన్న డబ్బాలో కొలిచి పెట్టుకుని, అందులోంచే వేయండి. బీపీ వాళ్లకని అమ్మే తక్కువ సోడియం ఉప్పు మాత్రం కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది. నీటికి వాడే స్పైరోనోలాక్టోన్ మాత్ర కూడా పొటాషియంను పెంచుతుంది. రెండూ కలిస్తే గుండె లయ తప్పవచ్చు. నీళ్లు తగ్గించాలా అన్నది రక్తంలో సోడియం చూసి డాక్టరు చెబుతారు.

రోజూ పొద్దున్నే బరువు చూసి రాసుకోండి. నీరు బాగా ఎక్కువైతే సూదితో తీస్తారు. 5 లీటర్లకు మించి తీస్తే అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) ఎక్కించాలి. సూదితో తీస్తే చచ్చిపోతారన్న భయం అక్కర్లేదు. కడుపు నొప్పి, జ్వరం ఉంటే ఆ నీటికి ఇన్‌ఫెక్షన్ సోకిందేమో వెంటనే పరీక్షించాలి.

రాత్రంతా మేలుకుంటున్నారు, పగలు మగతగా ఉంటున్నారు, తేడాగా మాట్లాడుతున్నారు. ఏమిటిది?

పేగుల్లో తయారయ్యే అమ్మోనియా వంటి విషాలను లివర్ వడకట్టలేనప్పుడు అవి మెదడుకు చేరతాయి. రెచ్చగొట్టేవి చాలావరకు చిన్న విషయాలే: మలబద్ధకం, ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, నిద్రమాత్రలు. లోపల రక్తస్రావం అవుతున్నా ఇలాగే ఉంటుంది. నిద్ర పట్టడం లేదని మందుల షాపులో మాత్ర తెచ్చి ఇవ్వడం ఇక్కడ చాలా ప్రమాదం. లాక్టులోజ్ సిరప్‌తో రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం అయ్యేలా చూస్తారు. రిఫాక్సిమిన్ కూడా ఇస్తారు. విరేచనాలు అవుతున్నాయని సిరప్ ఆపేయకండి, అది పనిచేస్తున్న గుర్తు అదే. మరీ ఎక్కువైతే మోతాదు తగ్గించమని డాక్టరును అడగండి.

మేం చిన్నాన్న చేత రోజూ పొద్దున్నే ఒక నోటుబుక్కులో సంతకం పెట్టించేవాళ్లం. బాగున్న రోజు ఆయన సంతకం గుండ్రంగా, కింద గీతతో వచ్చేది. తేడా మొదలైన రోజు అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి, గీత పక్కకు జారేది. చేతులు ముందుకు చాపి మణికట్టు పైకెత్తమంటే వేళ్లు టపటప కిందికి పడేవి. మాటలో తేడా వచ్చేలోపే ఈ రెండూ చెప్పేసేవి.

ఒళ్లునొప్పులకు ఏ మాత్ర ఇవ్వాలి?

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ వద్దు. సిరోసిస్‌లో ఇవి కిడ్నీలను దెబ్బతీస్తాయి, రక్తస్రావం తెస్తాయి. పారాసెటమాల్ లివర్‌కు చెడ్డదని విని, దాన్ని మాని వీటిని వాడేవాళ్లున్నారు. నిజానికి డాక్టరును అడిగి రోజుకు 2 గ్రాములు మించకుండా వాడితే వీటికన్నా పారాసెటమాలే క్షేమం.

సిరోసిస్ వస్తే ఇక అంతేనా? లివర్ మార్పిడి ఎప్పుడు?

అంతే కాదు. కారణం తీసేస్తే, అంటే మద్యం ఆపితే, వైరస్‌ను అణిచితే, మచ్చ కొంత వెనక్కి తగ్గిన మనుషులు ఎందరో ఉన్నారు. అయినా ఆరు నెలలకోసారి స్కానింగ్ జీవితాంతం తప్పదు, ఎందుకంటే సిరోసిస్‌లో లివర్ క్యాన్సర్ ముప్పు ఉంటుంది. చిన్నగా ఉండగా దొరికితే నయం చేయొచ్చు. అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు ఎండోస్కోపీలో కనిపిస్తే, పగిలేలోపే కార్వెడిలాల్ వంటి మాత్రలైనా ఇస్తారు, బ్యాండింగ్ (ఆ నాళాలకు రబ్బరు బ్యాండు వేయడం) అయినా చేస్తారు.

పైన చెప్పిన రెండో దశ మొదలవగానే మార్పిడి గురించి అడగండి. ఐసీయూలో చేరేదాకా ఆగొద్దు. ఇంట్లోవాళ్లు లివర్‌లో కొంత భాగం ఇవ్వొచ్చు. ఇచ్చినవాళ్లకు కొన్ని నెలల్లో అది దాదాపు మునుపటి పరిమాణానికి పెరుగుతుంది. అయితే అది పెద్ద ఆపరేషనే. దాతను ఏడిపించి, మొహమాటపెట్టి ఒప్పించకూడదు. ముఖ్యంగా భార్యలు, అక్కచెల్లెళ్ల మీదే ఈ ఒత్తిడి పడుతుంది. వద్దనే హక్కు వాళ్లకుంది. ఇంట్లో దాత లేకపోతే చనిపోయినవాళ్ల అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాలి. తెలంగాణలో దాని కార్యాలయం హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది, ఆంధ్రప్రదేశ్‌కు వేరుగా ఉంది. ఉస్మానియా ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద లివర్ మార్పిడులు చేశారు కాబట్టి, డబ్బు లేదని ముందే ఆశ వదులుకోకుండా అక్కడ అడగండి. మార్పిడి తర్వాత కొత్త లివర్‌ను ఒళ్లు తిరస్కరించకుండా టాక్రోలిమస్ వంటి మందులు జీవితాంతం వాడాలి.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి?

రక్తవాంతి అయినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా. కడుపులో నీరున్న మనిషికి జ్వరం వచ్చినా. లేపితే లేవకపోయినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా. మూత్రం బాగా తగ్గిపోయినా. అర్ధరాత్రైనా తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. వాడుతున్న మందుల చీటీ, చివరి రిపోర్టులు ఒక సంచిలో తలుపు దగ్గరే పెట్టుకోండి. 108కి ఫోన్ చేసినప్పుడు సిరోసిస్ పేషెంట్ అని మొదటి మాటలోనే చెప్పండి, సిగ్గుపడకుండా.